మిడ్‌వైఫ్ విద్యార్థికి మంచి మెంటర్ దొరకడం అదృష్టమేనా?

బ్రిటన్‌లో మిడ్‌వైఫరీ చదివేవాళ్లను కోర్సు ఎలా ఉందని అడిగితే పాఠాల గురించి రెండు ముక్కలు చెప్పి, ఆ వెంటనే వార్డులో తమకు ఎవరు తగిలారో మొదలుపెడతారు. ‘ఆమె దగ్గర పడ్డాను కాబట్టి పని వచ్చింది’ అని ఒకరంటే, ‘ఆమె దగ్గర పడ్డాకే కోర్సు మానేద్దామనిపించింది’ అని ఇంకొకరు అంటారు. కళాశాల ఒకటే, ఆసుపత్రి ఒకటే, ఒక్కోసారి వార్డు కూడా ఒకటే.

వినేవాళ్లు దీన్ని మనుషుల స్వభావం కింద జమకడతారు. కొందరు మంచివాళ్లు, కొందరు చిరాకు మనుషులు, అంతే అనుకుంటారు. స్వభావానికీ వాటా ఉంది గానీ, అసలు ముడి వేరేచోట ఉంది. నేర్పేదెవరు, లెక్క రాసేదెవరు, పాస్ చేసేదెవరు అన్న మూడు ప్రశ్నలకూ ఒకే మనిషి జవాబైతే ఒక రకం ఇబ్బంది, ముగ్గురైతే మరో రకం. తెలంగాణ ఆసుపత్రుల్లోనూ కొత్త మిడ్‌వైఫ్‌లు తయారవుతున్నారు కాబట్టి ఈ ముడిని కాస్త విప్పి చూడటం మనకూ అవసరమే.

ముందు పదాల సంగతి

మిడ్‌వైఫ్ అంటే మంత్రసాని అని నిఘంటువు చెబుతుంది. బ్రిటన్ ఆసుపత్రిలో ఆ మాట వేరే అర్థం ఇస్తుంది. అక్కడ మిడ్‌వైఫ్ మూడేళ్ల డిగ్రీ చదివి, నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకున్న స్వతంత్ర వృత్తి నిపుణురాలు. గర్భిణిగా తొలి పరీక్ష నుంచి కాన్పు తర్వాత బాలింత సంరక్షణ దాకా, ఇబ్బంది లేని కేసులన్నీ ఆమె చూస్తుంది. తేడా కనిపిస్తే డాక్టర్‌ను పిలుస్తుంది.

మన దగ్గర జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ పూర్తిచేస్తే నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండూ కలిపి ‘ఆర్‌ఎన్‌ఆర్‌ఎం’ అని నమోదవుతుంది. అక్కడ ఆ రెండూ వేర్వేరు వృత్తులు, వేర్వేరు పరీక్షలు. ఇక్కడి నుంచి వెళ్లి నర్సుగా రిజిస్టరైన మనిషి అక్కడ మిడ్‌వైఫ్ అని చెప్పుకోవడానికి వీల్లేదు. విదేశీ ఉద్యోగాలకు దరఖాస్తు చేసేవాళ్లు తరచూ తికమకపడేది ఇక్కడే.

ప్లేస్‌మెంట్ అంటే మనం క్లినికల్ పోస్టింగ్ అనేదే. మూడేళ్లలో సుమారు సగం సమయం వార్డుల్లోనూ, ఇళ్లకు వెళ్లే బృందాలతోనూ గడుస్తుంది. 2019 నాటి ప్రమాణాల ప్రకారం కోర్సు మొత్తం 4,600 గంటలు. ఇంకో మాట కూడా తెలియాలి: సూపర్‌న్యూమరరీ. అంటే ఆ రోజు వార్డు నడవడానికి కావలసిన సిబ్బంది లెక్కలో విద్యార్థిని కలపకూడదు. కాగితం మీద ఇది చాలా స్పష్టంగా ఉంటుంది. ఇద్దరు మిడ్‌వైఫ్‌లు సెలవు పెట్టిన రాత్రి డ్యూటీలో మాత్రం ఆ స్పష్టత కరిగిపోతుంది.

ఒక్క మెంటర్ ముగ్గురైన వైనం

2008 నుంచి పదేళ్లపాటు ‘మెంటర్’ అన్నది అధికారిక పదవి. ప్లేస్‌మెంట్‌లో కనీసం 40 శాతం సమయం విద్యార్థి ఆమె ప్రత్యక్ష లేదా పరోక్ష పర్యవేక్షణలో పనిచేయాలి. నేర్పేదీ ఆమే, పుస్తకంలో సంతకాలు పెట్టేదీ ఆమే, ‘ఈమె పనికొస్తుంది’ అని చివరి మాట చెప్పేదీ ఆమే. నర్సింగ్‌లో ఆ చివరి సంతకం అర్హత కొందరు మెంటర్లకే ఉండేది. మిడ్‌వైఫరీలో మాత్రం ప్రతి మెంటరుకూ ఆ అర్హత ఉండి తీరాలన్నారు.

2018లో కౌన్సిల్ ఈ పదవినే తీసేసి, పనిని ముగ్గురికి పంచింది. రోజూ పక్కన ఉండి నేర్పేది ప్రాక్టీస్ సూపర్‌వైజర్. వాళ్ల అభిప్రాయాలు తీసుకుని, తానూ చూసి, ప్లేస్‌మెంట్ ఫలితం తేల్చేది ప్రాక్టీస్ అసెసర్. ఈమె తప్పకుండా మిడ్‌వైఫే అయి ఉండాలి. విశ్వవిద్యాలయం తరఫున ఆ ఫలితాన్ని పరిశీలించేది అకడమిక్ అసెసర్. కోర్సులో ఒక భాగం నుంచి తర్వాతి భాగానికి వెళ్లేటప్పుడు అకడమిక్ అసెసర్ మారాలి, ఒకే కన్ను మొత్తం చూడకూడదని.

నేర్పే చేతికి, మార్కులు వేసే చేతికి మధ్య కాస్త దూరం ఉంటే న్యాయం పెరుగుతుందన్నది ఈ మార్పు వెనుక ఆలోచన. వార్డుల్లో మాత్రం ఇప్పటికీ అందరూ ‘మా మెంటర్’ అనే అంటారు. ఈ వ్యాసంలోనూ రోజువారీ నేర్పే మనిషిని ఆ మాటతోనే పిలుద్దాం.

40 కాన్పులు ఎందుకు అంత బరువు

విద్యార్థి స్వయంగా 40 కాన్పులు చేయాలి. తగినన్ని దొరక్కపోతే 30 స్వయంగా చేసి, ఇంకో 20 కాన్పుల్లో సాయపడినా సరిపోతుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల నుంచి వచ్చిన అంకె ఇది. వీటికి తోడు 100 గర్భిణీ పరీక్షలు కూడా ఉన్నాయి, కానీ వాటి గురించి ఎవరూ నిద్ర చెడగొట్టుకోరు. కాన్పుల లెక్కే కొరుక్కుతింటుంది.

ఎందుకో ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. మూడేళ్లలో లేబర్ వార్డుకు 30 వారాలు దక్కాయనుకోండి. వారానికి 12.5 గంటల డ్యూటీలు 3, అంటే మొత్తం 90. అందులో ఆపరేషన్ థియేటర్, అత్యవసర పరీక్షల గది, నొప్పులు తెప్పించే వార్డు కలిపి 20 డ్యూటీలు పోతే మిగిలేవి 70. నొప్పులు గంటలకొద్దీ సాగుతాయి కాబట్టి డ్యూటీ ముగిసేలోపు బిడ్డ పుట్టేది సగం రోజుల్లోనే అనుకుందాం: 35. వాటిలో 12 సిజేరియన్‌కో ఫోర్సెప్స్‌కో (పట్టకారుతో బిడ్డను తీసే పద్ధతికో) వెళ్తే మిగిలేది 23. నలభైకి ఇంకా 17 తక్కువ. ఇంగ్లండ్‌లో ఇప్పుడు పదింట నాలుగుకు పైగా కాన్పులు సిజేరియన్లే కాబట్టి 12 అన్నది మరీ ఉదారమైన అంచనా.

ఈ 23లో ఐదింటిని మెంటర్ ‘ఈసారి నేనే చేస్తాలే, టైమ్ లేదు’ అని తీసుకుంటే విద్యార్థికి నెలన్నర పోయినట్టే. తల బయటపడే ఆ రెండు నిమిషాల్లో మెంటర్ చేతులు ఎక్కడున్నాయన్నది ఇంత పెద్ద విషయం కావడానికి కారణం ఇదే. ‘స్వయంగా’ అన్న మాట దగ్గరే తగాదా మొదలవుతుంది. విద్యార్థి చేతుల మీద మెంటర్ చేతులు ఉంటే అది లెక్కలోకి వస్తుందా? తల విద్యార్థి పట్టుకుంది, భుజాలు కాస్త బిగిస్తే మెంటర్ అందుకుంది, అప్పుడు? ఒకరు సంతకం పెడతారు, ఒకరు పెట్టరు. ముందే మాట్లాడుకోని జంటల్లో ఈ గొడవ బిడ్డ పుట్టాక బయటపడుతుంది.

లెక్క కోసం ఇంకో అలవాటు కూడా ఉంది. వేరే గదిలో కాన్పు దగ్గరపడిందని తెలిస్తే విద్యార్థిని ఆఖరి పది నిమిషాలకు అక్కడికి పంపడం. విద్యార్థికి ఒక అంకె దక్కుతుంది కాబట్టి ఇది మెంటర్ మంచితనమేనని కొందరంటారు. ఎనిమిది గంటలు తోడున్న మనుషుల మధ్యకు ముఖం కూడా తెలియని మనిషి చేతి తొడుగులు వేసుకుని రావడం ఆ తల్లికి ఎలా ఉంటుందని మరికొందరు అడుగుతారు. రెండో మాటలోనే బరువు ఎక్కువుంది. అయితే ఆ మాట చెప్పడం 38 దగ్గర ఆగిపోయిన మూడో ఏడాది విద్యార్థికి కష్టం.

ఒకే పరీక్ష, రెండు చేతులు

మంచి మెంటరింగ్ అంటే ఏమిటో దగ్గరగా చూడాలంటే లోపలి పరీక్షను మించిన ఉదాహరణ లేదు. గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకుందో రెండు వేళ్లతో తడిమి, సెంటీమీటర్లలో చెప్పాలి. కంటికి కనిపించదు, స్కేలు లేదు. పైగా అది తల్లికి ఇబ్బందికరమైన పరీక్ష. విద్యార్థి చేశాక మెంటర్ మళ్లీ సరిచూడాలంటే ఆమెకు అదే ఇబ్బంది రెండోసారి.

కాబట్టి పని తలుపు బయటే మొదలవుతుంది. ఈ పరీక్ష ఇప్పుడు ఎందుకు, ఫలితం తెలిస్తే మనం చేసేదేమైనా మారుతుందా అని మెంటర్ అడుగుతుంది. మారకపోతే పరీక్షే వద్దు. మారుతుందంటే తల్లికి ఇద్దరూ చేస్తారని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకుంటుంది. వద్దంటే మెంటర్ ఒక్కతే చేస్తుంది. తర్వాత విద్యార్థి ముందుగా పొట్ట మీద తడిమి, బిడ్డ ఏ వైపు తిరిగి ఉంది, తల ఎంత కిందికి దిగింది చెప్పాలి. తొందరలో ఎగిరిపోయేది ఈ మెట్టే. పొట్ట చెప్పే కబురు వినకుండా లోపల తడిమితే వేలికి తగిలింది ఏమిటో అర్థం కాదు.

ఆపైన విద్యార్థి పరీక్ష చేసి, తనకు తెలిసింది పైకి చెప్పకుండా చీటీ మీద రాస్తుంది. మెంటర్ పరీక్ష చేశాకే ఇద్దరూ పోల్చుకుంటారు. ముందే ‘నాలుగు కదా?’ అని మెంటర్ అనేస్తే విద్యార్థి వేళ్లకూ నాలుగే తగులుతుంది. విద్యార్థి 6 రాసి మెంటర్‌కు 4 వస్తే, ఆ తేడాలోనే పాఠం ఉంది: ముఖద్వారం వెనక్కి ఉందేమో, ఒక పక్క అంచు తగిలి ఇంకో పక్క అందలేదేమో. ఇద్దరి లెక్కా సరిపోవడం పదిసార్లు జరిగాక రెండోసారి సరిచూడటం క్రమంగా తగ్గుతుంది. అలా తగ్గించడం కూడా మెంటర్ పనే. మొదటి ఏడాదీ మూడో ఏడాదీ ఒకేలా పక్కన నిలబడితే విద్యార్థి ఎదగదు.

బిడ్డ గుండె చప్పుడు వినడమూ ఇంతే. నొప్పి తగ్గగానే ఒక పూర్తి నిమిషం వినాలి. మొదటి దశలో 15 నిమిషాలకోసారి, బిడ్డను తోసే దశలో కనీసం 5 నిమిషాలకోసారి. అంకెలు కంఠస్థం చేయించడం తేలిక. నొప్పి మధ్యలో ఎందుకు ఆపాలి, నొప్పి తర్వాతే ఎందుకు వినాలి అన్నది పక్కనే నిలబడి వినిపించిన మెంటర్ ఉంటేనే వంటబడుతుంది.

చెడ్డ మెంటరింగ్ అరుపుల్లోనే ఉండదు

అందరి ముందూ కసురుకోవడం, చూపుడు వేలు ఆడించడం లేకపోలేదు. వాటిని గుర్తించడం మాత్రం సులభం. గుర్తించడం కష్టమైన రకాలు వేరే ఉన్నాయి. మాటే లేని మెంటర్: పని బ్రహ్మాండంగా చేస్తుంది, ఎందుకు చేసిందో చెప్పదు, 12 గంటలు చూసి విద్యార్థి ఇంటికి వెళ్తుంది. విద్యార్థిని అదనపు చెయ్యిగా వాడే మెంటర్: పక్కలు మార్చడం, బీపీలు చూడటం, సామాను నింపడం. ఇవీ నేర్వాల్సినవే. మూడో నెలలో కూడా అవే అయితే సూపర్‌న్యూమరరీ అన్న మాటకు అర్థం లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన రకం, విద్యార్థులు చాలా ఇష్టపడేది: అన్నింటికీ టిక్కు పెట్టేసే మెంటర్. 2003లో కాథలీన్ డఫీ స్కాట్లాండ్‌లో నర్సింగ్ మెంటర్లపై చేసిన అధ్యయనం ఈ సమస్యను అందరి ముందూ పెట్టింది. ఫెయిల్ చేయాల్సిన విద్యార్థిని మెంటర్లు ఎందుకు పాస్ చేస్తున్నారన్నది దాని విషయం. ‘ఇప్పుడే కదా మొదలైంది’ అని తొలి ఏడాది వదిలేస్తారు. చివరి ఏడాదికి వచ్చేసరికి ‘ఇంత దూరం వచ్చాక ఎలా ఆపేది’ అని వదిలేస్తారు. ఎవరికి వారు దయే చూపారు. చివరికి రిజిస్టర్‌లోకి పని రాని మనిషి ఎక్కింది.

పుస్తకంలో రాసే మాటల్లోనూ తేడా తెలిసిపోతుంది. ‘బాగా చేస్తోంది, కాన్ఫిడెన్స్ పెంచుకోవాలి’ అన్న వాక్యం ఎవరి పుస్తకంలోనైనా అతికించొచ్చు. దీంతో రేపు ఏం చేయాలో తెలియదు. దీనికి బదులు ఇలా రాశారనుకోండి: ‘మాయ బయటపడ్డాక అన్ని ముక్కలూ, పొరలూ సరిచూసింది. ఎంత రక్తం పోయిందో కంటితో అంచనా వేసి 300 మిల్లీలీటర్లంది, ప్యాడ్లు తూస్తే 550 వచ్చింది. వచ్చే మూడు కాన్పుల్లో ముందు అంచనా చెప్పి, తర్వాత తూచాలి.’ మర్నాడు కొత్త సూపర్‌వైజర్ వచ్చినా ఎక్కడ అందుకోవాలో తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ‘మోరా’ అనే ఉమ్మడి నమోదు పుస్తకం వాడుతున్నాయి. మొదటి ఏడాది పాల్గొనడం, రెండో ఏడాది తన వంతు అందించడం, మూడో ఏడాది నైపుణ్యం నిరూపించడం అని అందులో మెట్లున్నాయి. మెట్లు ఎంత బాగున్నా, గడిలో రాసిన వాక్యం మొదటి రకానిదైతే ప్రయోజనం లేదు.

మెంటర్ వైపు నుంచి చూస్తే

బిడ్డకేమైనా అయితే జవాబు చెప్పాల్సింది రిజిస్టర్‌లో పేరున్న మిడ్‌వైఫ్. విద్యార్థి చేతులు పనిచేస్తుంటే తన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడటం చూసేవాళ్లకు సోమరితనంలా ఉంటుంది. నిజానికి అది తానే చేయడం కన్నా కష్టమైన పని. మానిటర్ మీద గుండె చప్పుడు తగ్గుతున్నప్పుడు ఎన్ని సెకన్లు ఆగాలో ఏ పుస్తకమూ చెప్పదు. చేతిలోంచి లాక్కున్న మెంటర్ అన్నిసార్లూ చెడ్డదేమీ కాదు. లాక్కున్న సంగతి ఆ తర్వాత కూర్చుని విడమరచి చెప్పకపోతే మాత్రం విద్యార్థికి మిగిలేది ‘నాకు చేతకాదు’ అన్న ముద్ర ఒక్కటే.

సమయం ఇంకో సమస్య. నేర్పినందుకు ఆ రోజు కేసులు తగ్గవు. డ్యూటీ దిగే వేళ రికార్డులు రాయడం మిగిలే ఉంటుంది, విద్యార్థి పుస్తకం పట్టుకుని నిలబడుతుంది. పాత పద్ధతిలో చివరి ప్లేస్‌మెంట్‌లో సైన్-ఆఫ్ మెంటర్‌కు, అంటే ఆ చివరి సంతకం పెట్టే మెంటర్‌కు, వారానికి గంట సమయం కేటాయించాలని రాసి ఉండేది. రాసి ఉన్నంత మాత్రాన వార్డులో ఆ గంట దొరుకుతుందా అన్నది వేరే సంగతి. పైగా కొత్త పద్ధతిలో తాజాగా రిజిస్టరైన మిడ్‌వైఫ్ కూడా సూపర్‌వైజర్ కావచ్చు. నిన్నటి విద్యార్థికి నేటి విద్యార్థి భయం బాగా గుర్తుంటుంది, అది లాభం. తన చేతికే ఇంకా ధీమా రాలేదు, అది నష్టం.

ముగ్గురిగా విడదీయడం మేలేనా?

మేలన్నవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. ఒక్క మెంటర్‌తో పొసగకపోతే వెనుకట విద్యార్థి దారి మూసుకుపోయేది. ఫిర్యాదు చేయాలంటే సంతకం పెట్టాల్సిన మనిషి మీదే చేయాలి. ఇప్పుడు ఒకరి అయిష్టం ఫలితాన్ని తేల్చదు. బలహీనమైన విద్యార్థిని ఆపే భారం కూడా ఒక్కరి మెడకు చుట్టుకోదు.

కాదన్నవాళ్లది వార్డు అనుభవం. పది డ్యూటీల్లో ఏడుగురు సూపర్‌వైజర్లు వస్తే ప్రతి ఉదయం ‘నువ్వు ఏ ఇయర్? ఏమేం చేయగలవు?’ నుంచే మొదలవుతుంది. కొత్త మనిషి జాగ్రత్త కోసం ఒక మెట్టు కిందినుంచి మొదలుపెట్టిస్తుంది, అలా ఏడుసార్లు. అసెసర్ విద్యార్థిని కళ్లారా చూసే గంటలు తగ్గి, ఇతరులు రాసిన వాక్యాల మీద ఆధారపడుతుంది. పుస్తకంలో ‘బాగా చేస్తోంది’ అని ఏడుసార్లు ఉంటే అసెసర్‌కు తెలిసేది సున్నా.

రెండువైపులా నిజముంది. పాత పద్ధతిలో ఒకే మెంటర్ మీద పందెం. తగిలితే మూడేళ్లు బంగారం. కొత్త పద్ధతి ఆ పందేన్ని చిన్న చిన్న ముక్కలు చేసింది. దాంతో ఘోరమైన అనుభవాలు తగ్గే వీలుంది, గొప్ప అనుభవాలు కూడా పలచబడే వీలుంది. ఒకే సూపర్‌వైజర్‌తో డ్యూటీలు కలిసేలా రోస్టర్ వేసే వార్డులు రెండో నష్టాన్ని చాలావరకు తప్పించుకుంటాయి. నియమావళిలో ఎంత వెతికినా దొరకని సంగతి ఇది, రోస్టర్ వేసే మనిషి చేతిలో ఉంటుంది.

తెలంగాణలో ఇదే చిక్కు తిరగబడి ఉంది

మన నర్సింగ్ విద్యార్థులకు కేసుల కొరత వేరే రూపంలో వస్తుంది. 2021లో సవరించిన బీఎస్సీ సిలబస్ ప్రకారం 10 కాన్పులు చూడాలి, 10 కాన్పుల్లో సాయపడాలి, 10 స్వయంగా చేయాలి. అంతకుముందు స్వయంగా చేయాల్సినవి 20. పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో ఒక్కో టేబుల్ చుట్టూ పీజీలు, హౌస్ సర్జన్లు, రెండు మూడు కాలేజీల నర్సింగ్ విద్యార్థులు. కాలేజీ నుంచి వచ్చిన ట్యూటర్‌కు విద్యార్థి తెలుసు, వార్డు చేతిలో లేదు. వార్డు సిస్టర్‌కు కేసు చేతిలో ఉంది, విద్యార్థి పేరు తెలియదు. నేర్పే బాధ్యత ఈ ఇద్దరి మధ్య జారిపోతుంది. కేస్‌బుక్ మాత్రం నిండుతుంది.

దానికి తోడు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. మామూలు కాన్పు అరుదయ్యేకొద్దీ దాన్ని నేర్పగలిగే చేతులూ తగ్గుతాయి.

ఈ పరిస్థితిని మార్చడానికే 2017లో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్‌లతో కలిసి 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో కేంద్రం ఇదే తరహాలో దేశమంతటికీ మార్గదర్శకాలు తెచ్చింది. ముందు ఎడ్యుకేటర్లను తయారుచేయాలి, వాళ్లు నర్సులను ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ’గా తీర్చిదిద్దాలి.

ఇక్కడ విద్యార్థి పంతొమ్మిదేళ్ల అమ్మాయి కాదు. లేబర్ రూమ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, వందల కాన్పులు చేసిన స్టాఫ్ నర్సు. ఆమెకు అంకెల భయం లేదు. బ్రిటన్ విద్యార్థికి చేతులు ముందుకు చాపే ధైర్యం నేర్పాలి. ఈమెకు చేతులు వెనక్కి తీసుకోవడం నేర్పాలి. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టడం, పై నుంచి పొట్ట నొక్కడం, తొలి కాన్పు అనగానే బిడ్డ వచ్చే దారిని కోసి పెద్దది చేయడానికి కత్తెర అందుకోవడం: ఇవన్నీ ఆమె సీనియర్ల దగ్గర శ్రద్ధగా నేర్చుకున్నవే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు సంరక్షణపై ఇచ్చిన సిఫార్సులు పొట్ట నొక్కడాన్నీ, అందరికీ కత్తెర వేయడాన్నీ వద్దన్నాయి. అదే పత్రం చురుకైన నొప్పులు 5 సెంటీమీటర్ల నుంచి మొదలైనట్టు లెక్కించమంది. నొప్పులు ఎలా సాగుతున్నాయో గీసే పాత చార్టు, పార్టోగ్రాఫ్‌లో అది 4. అంటే నిన్నటిదాకా ‘ఆలస్యమవుతోంది, డాక్టర్‌కు చెప్పు’ అన్న చోట ఇప్పుడు ‘ఇంకా సమయముంది, నడిపించు’ అనాలి.

అలాంటి నర్సు దగ్గర ‘నువ్వు చేసింది తప్పు’ అని మొదలుపెట్టిన మెంటర్ మొదటి రోజే ఓడిపోతుంది. అడిగే తీరు మారాలి. ‘మీరు ఇక్కడ కత్తెర ఎందుకు వేస్తారు సిస్టర్?’ అంటే ‘చిరిగిపోతుందని మేడం’ అంటుంది. ‘ఈ ఒక్కదానికి వేయకుండా చూద్దామా? వెచ్చటి గుడ్డ నేను పడతాను, తల నెమ్మదిగా వచ్చేలా మీరు చూడండి.’ మెంటర్ చేతిలో గుడ్డ ఉంది, కాన్పు నర్సు చేతిలోనే ఉంది. చిరగకుండా వచ్చిందా, ఎంత చిరిగిందన్నది ఇద్దరూ కలిసి చూస్తారు.

శిక్షణ ముగిశాక ఆమె వెళ్లేది మళ్లీ అలాంటి లేబర్ రూమ్‌కే. అక్కడి సీనియర్ సిస్టర్‌కూ డ్యూటీ డాక్టర్‌కూ ఈ 18 నెలల గురించి ముందుగా ఎవరూ చెప్పకపోతే, తల్లిని పక్కకు తిప్పి పడుకోబెట్టిన మొదటి రాత్రే ‘ఇదేంటి కొత్తగా?’ అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు పక్కన మెంటర్ ఉండదు. ఫోన్ చేస్తే ఎత్తే ఎడ్యుకేటర్ ఉంటే సరే, లేకపోతే రెండు వారాల్లో ఆ మంచం మీద తల్లి మళ్లీ వెల్లకిలా పడుకుని ఉంటుంది.